గ్రంథప్రియుడగు ఆగస్టు ప్రభువు

మన చాళుక్యులకు వరాహలాంఛన మెట్లో, జర్మనీదేశపు ప్రభువంశములకు డాలుపై చిత్రించు చిహ్నము లట్టివి. అందు మిక్కిలి ప్రాచీనమైనది వెల్ఫు వంశము. ఎఱ్ఱని డాలుపై నడచు రెండు బంగరుసింహములు బ్రన్స్‌విక్కు సీమకును, బంగరుడాలుపై ఎఱ్ఱని హృదయముల నడుమ నిలిచిన నీలిసింహము లూనెబర్గు సీమకును గుర్తులు. వీనికితోడు తెల్లగుఱ్ఱ మొకటి. ఈ వంశశాఖ 1714లో ఇంగ్లండు సింహాసన మెక్కుటచే, 1837 వఱకు ఆ గుఱ్ఱము ఆంగ్లరాజుల లాంఛనమునందును నిలిచెను.

ఆగస్టు ప్రభువు ఈ వంశమున 1579లో డానెన్‌బర్గున జన్మించెను. చిన్నశాఖవాడగుటచే రాజ్యము దక్కునను ఆశ లేకుండెను. పలుదేశములు తిరిగి, 1604లో ఎల్బేనదీతీరమున హిట్‌జాకరను చిన్న పట్టణమున స్థిరపడి, పుస్తకములు సేకరింపసాగెను. 1616లో చదరంగమును గూర్చియు, 1624లో రహస్యలిపిని గూర్చియు మాఱుపేరుతో గ్రంథములు ప్రకటించెను.

ఇంతలో ముప్పదియేండ్ల యుద్ధము దేశమును దహించుచుండెను. జ్ఞాతి నిస్సంతుగా మరణింపగా, 1635లో, ఏబదియాఱవ యేట, రాజ్య మాయనకు సంక్రమించెను. కాని రాజధానియగు వోల్ఫెన్‌బ్యూటెలు చక్రవర్తి సైన్యముల చేతిలో నుండెను. అవి 1643లో గాని కదలలేదు. పిమ్మట కోటయెదుట గుఱ్ఱపుసాలల భవనమున పుస్తకములు చేర్చబడెను. క్రింద వంశచిహ్నమగు గుఱ్ఱము, పైన సరస్వతి!

ప్రజ లాకలిచే మాడినకాలమున పుస్తకములకు ధనము వెచ్చించుట తగునా యని నేనును శంకించితిని. కాని ఆయన పాడుపడిన సీమను మరల నిలువబెట్టి, 1651లో పాఠశాలలకు శాసనము చేసెను. తానొక్కడే చదువుకొని తృప్తిపడినవాడు కాడు.

నాబోటి లెక్కలవానికి మిక్కిలి గౌరవము కలిగించున దాయన పట్టిక. పుస్తకములకు తెల్లని తోలుకట్టు వేయించి, వెన్నుపై పేళ్లు స్వహస్తముతో వ్రాసెను. విషయము ననుసరించి ఇరువది తరగతులుగ విభజించి, వేలకొలది పుటల పట్టికను చాలభాగము తానే వ్రాసెను. ఒక ప్రభువు గుమాస్తా చేయదగు పనికి పూనుట వింత. అయినను, ఏది ఎచ్చటనున్నదో తెలియని పుస్తకము లేనిదానితో సమానమే గదా! ఆ బరువైన సంపుటము లెత్తుట కష్టమగుటచే, వానిని చక్రాకారపు పీఠముపై నమర్చెను. కూర్చున్నచోటనే త్రిప్పి చూడవచ్చును.

1666లో మరణించునాటికి సంపుటములు సుమారు 35,000. తరువాతికాలమున లైబ్నిట్జు, లెస్సింగు వంటి మహావిద్వాంసు లచ్చట గ్రంథపాలకులైరి. నేటికిని పాఠకులకు ఆ గ్రంథాలయము తెఱచియే యున్నది. ఆ చక్రమును అచ్చటనే యున్నది.