నాదశిల్పి లియో ఫెండర్

వాద్యంతో సభను రంజింపజేసిన విద్వాంసుని లోకం కీర్తిస్తుంది. ఆ వాద్యాన్ని మలచిన శిల్పి పేరు మాత్రం తరచు మరుగున పడుతుంది. ఇందుకు భిన్నంగా, తాను రూపొందించిన వాద్యాలపైనే తన పేరును శాశ్వతంగా నిలుపుకొన్న మహనీయుడు లియో ఫెండర్. ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రనే మార్చివేసిన ఆయనకు గిటార్ వాయించడం రాదు.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించారు. తల్లిదండ్రులు నారింజ తోటలు సాగుచేసే రైతులు. బాల్యంలోనే కణితి కారణంగా ఆయన ఒక కన్ను కోల్పోయారు. ఆ స్థానంలో గాజుకన్ను అమర్చారు. కౌమారంలో దగ్గరి బంధువొకరు పంపిన పాత రేడియో భాగాల పెట్టె ఆయనలో విద్యుత్ పరికరాలపై ఆసక్తిని రేకెత్తించింది. ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో గణకశాస్త్రం చదివి, లెక్కలు రాసే ఉద్యోగంలో చేరారు. ఆర్థికమాంద్యం ఆ ఉపాధిని హరించింది. ఆయన నిరాశ చెందక, 600 డాలర్లు అప్పుచేసి, 1938లో ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచారు.

సంగీతకారులు మరమ్మతుల కోసం యాంప్లిఫయర్లను అక్కడికే తెచ్చేవారు. వారి ఇబ్బందులను ఫెండర్ శ్రద్ధగా ఆలకించారు. బోలుగా ఉండే గిటార్ ధ్వనిని బాగా పెంచితే, ఆ ధ్వనికి దాని పెట్టె కూడా కంపించి కర్ణకఠోరమైన కూత పుడుతుంది. దీనికి విరుగుడుగా ఆయన దళసరి చెక్కతో గిటార్ దేహాన్ని తయారుచేశారు. ఉక్కుతీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్టలు అమర్చారు. తీగ కంపించినప్పుడు ఆ చుట్టలో పుట్టే విద్యుత్తే యాంప్లిఫయర్ ద్వారా నాదంగా మారుతుంది. మెడభాగాన్ని జిగురుతో అతికించక మరలతో బిగించడంవల్ల, అది అరిగినా సులభంగా మార్చుకోవచ్చు. మరమ్మతుదారుని అనుభవం నుండి పుట్టిన ఆలోచన అది!

1950లో వెలువడిన ఈ గిటారే, మరొక సంస్థ వాద్యాల పేరుతో పోలిక ఏర్పడినందున, 1951లో టెలికాస్టర్‌గా పేరు మార్చుకొంది. పలకవంటి దాని ఆకారాన్ని చూసి కొందరు పరిహసించినా, వాద్యకారులు దానిని ఆదరించారు. అదే ఏడాది ప్రెసిషన్ బాస్ వచ్చింది. మనిషెత్తు ఉండే పెద్ద బాస్ వాద్యాన్ని మోయలేక అలసిన కళాకారులకు అది వరమైంది. దాని మెట్లు స్వరశుద్ధిని సులభతరం చేశాయి. వాద్యకారుని శరీరానికి ఒత్తిడి కలగకుండా అంచులను నునుపుగా వంపుతీర్చిన స్ట్రాటోకాస్టర్ 1954లో రూపుదిద్దుకొంది. 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ వాయించింది ఈ గిటార్‌నే.

తీవ్ర అనారోగ్యంవల్ల ఫెండర్ 1965లో తన సంస్థను కోటీ ముప్పై లక్షల డాలర్లకు సి.బి.ఎస్.కు విక్రయించారు. తరువాత ఆరోగ్యం చేకూరినా సంస్థ చేజారిపోయింది. అంతటి సంపద చేతికందినా ఆయన విశ్రాంతి కోరలేదు. మ్యూజిక్ మ్యాన్, జి అండ్ ఎల్ సంస్థలలో కొత్త గిటార్ల రూపకల్పన కొనసాగించారు. పార్కిన్సన్ వ్యాధి పీడించినా పనిని విడువలేదు. 1991 మార్చి 21న తుదిశ్వాస విడిచారు.

నేడు 1965కు పూర్వపు ఫెండర్ గిటార్లను సేకర్తలు భారీ ధర చెల్లించి కొంటున్నారు. వాటి నమూనాలోనే తయారైన కొత్త గిటార్లు విద్యార్థుల చేతుల్లోనూ పలుకుతున్నాయి. తాను వాయించలేని వాద్యాన్ని, వాయించేవారి మాట విని తీర్చిదిద్దడమే ఫెండర్ సాధించిన విజయం.