నీలి మంట వెనక బున్సెన్

గిన్నెల అడుగున మసి పడుతోందా? స్టవ్ మంట రోజూ పసుపుగానే లేస్తోందా? గ్యాస్ పూర్తిగా కాలడం లేదన్నమాట. మంటను చూసి ఇంత సంగతి చెప్పగలుగుతున్నామంటే అందులో రాబర్ట్ బున్సెన్ చలవ చాలా ఉంది. హైస్కూల్ ల్యాబ్‌లో ఆయన బర్నర్ వెలిగించే ఉంటారు, ఆయన కథ మాత్రం విని ఉండరు.

బున్సెన్ 1811లో జర్మనీలోని గోటింగెన్‌లో పుట్టారు. రసాయన శాస్త్రవేత్తే అయినా మా డాక్టర్లకూ దగ్గరివాడే. అప్పటికప్పుడు తయారుచేసిన తడి ఐరన్ ఆక్సైడ్ ఆర్సెనిక్ విషానికి విరుగుడని 1834లో బెర్తోల్డ్‌తో కలిసి కనిపెట్టారు. తర్వాత అదే ఆర్సెనిక్ ఆయన మీద పగబట్టినట్టయింది. దాని సమ్మేళనాల మీద పనిచేస్తుండగా పేలుడు జరిగి కుడికన్ను చూపు పోయింది. విషం ఒంటికెక్కి చావు అంచుదాకా వెళ్లొచ్చారు.

ఇంకొకరైతే ల్యాబ్ వైపు చూసేవారు కాదేమో! ఆయన ఇనుము కరిగించే కొలుముల దగ్గరికి వెళ్లారు. కొలిమిలో వేర్వేరు ఎత్తుల నుంచి వాయువులు పట్టి, ఏది ఎంత ఉందో కొలిచారు. జర్మనీ కొలుముల్లో సగానికి పైగా, ఇంగ్లండ్‌ కొలుముల్లో 80 శాతానికి పైగా వేడి వృథా అవుతోందని తేలింది. పైనుంచి పోతున్న వాయువుల్లో కాలకుండా మిగిలిన కార్బన్ మోనాక్సైడ్ బోలెడంత!

1852లో హైడెల్‌బర్గ్ చేరారు. అక్కడి కొత్త ల్యాబ్‌కు బొగ్గు గ్యాస్ గొట్టాలు వచ్చాయి. అప్పటి బర్నర్లతో వెలుగు, మసి ఎక్కువ, వేడి తక్కువ. కాలకముందే గ్యాస్‌లో గాలి కలిపితే సరి అన్నది ఆయన ఆలోచన. దాన్ని 1855 ప్రాంతంలో బర్నర్‌గా మలిచింది పీటర్ డెసాగా అనే మెకానిక్. బున్సెన్ పేటెంట్ తీసుకోలేదు. ఆ మంట లోపలి నీలి శంకువులో కాలని గ్యాస్ ఉంటుంది. సన్నని గాజుగొట్టంతో బయటికి తీస్తే రెండో చివర వెలిగించవచ్చు.

మీ స్టవ్ బర్నర్‌లోనూ గ్యాస్ గాలితో కలిశాకే మండుతుంది. పప్పు పొంగి ఉప్పునీళ్లు పడితే కాసేపు పసుపు కనిపిస్తుంది. అది సోడియం రంగు, కంగారు పడకండి. ఇలాంటి రంగులను కిర్కాఫ్‌తో కలిసి పరీక్షిస్తూనే బున్సెన్ 1860లో సీజియం, 1861లో రుబీడియం మూలకాలను కనిపెట్టారు. ఊరికే పసుపుగా మండుతూనే ఉంటే మాత్రం మెకానిక్‌ను పిలవండి.

నా భయమంతా బాత్‌రూమ్‌లో పెట్టే గ్యాస్ గీజర్‌తోనే. తలుపు మూసేస్తే గాలి ఆడదు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సరిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, వాంతి, ఆపై స్పృహ తప్పడం... చూసినవాళ్లు మూర్ఛో, గుండెపోటో అనుకుంటారు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా 98 చూపించి మోసం చేయొచ్చు. ముందు తలుపులు తెరిచి గీజర్ ఆపండి, మనిషిని ఆరుబయటికి చేర్చి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి రాగానే మేం మొదలుపెట్టే మందు ఆక్సిజనే.

బున్సెన్ పెళ్లి చేసుకోలేదు. అంత విషం మింగిన మనిషి 88 ఏళ్లు బతికి, 1899లో హైడెల్‌బర్గ్‌లోనే కన్నుమూశారు.