కంచుకంఠం జగ్గయ్య: బాలనటుని నుండి కళావాచస్పతి వరకు

బాల్యంలో రంగస్థలమెక్కి కరతాళధ్వనులు అందుకున్నవారు ఎందరో ఉంటారు. పెద్దయిన తరువాత కూడా ఆ కళను నిలుపుకున్నవారు కొందరే. మైసూరు ప్రాంతంలో ఒక మావటివాని కుమారుడైన సాబూ 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’ అనే బ్రిటిష్ చిత్రంతో లోకప్రసిద్ధుడైనాడు. కాని ప్రాయం పెరిగినకొద్దీ తగిన పాత్రలు కరవై, నలభై నిండకుండానే 1963లో కన్నుమూశాడు. బాల్యంలోని కీర్తి జీవితమంతటికీ చాలే పాథేయం కాదని ఆ కథ తెలుపుతుంది. మన గుంటూరు సీమలో చిన్ననాడే ముఖానికి రంగు పూసుకున్న మరొక బాలుని జీవితం వేరొక దారిన నడిచింది. ఆయనే కొంగర జగ్గయ్య.

తెనాలికి సమీపంలోని మోరంపూడి గ్రామంలో, ఒక రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. పదకొండేళ్ళ వయసులో, ద్విజేంద్రలాల్ రాయ్ వంగభాషలో రచించిన ‘సీత’ నాటకాన్ని హిందీలో ప్రదర్శించగా, అందులో లవుని పాత్ర ధరించారు. తెలుగు పల్లెలో పుట్టిన బాలునికి తొలి సంభాషణలే పరభాషలో పలుకవలసి వచ్చిందన్నమాట! ఒక్కొక్క అక్షరాన్నీ తూచి పలికే అలవాటుకు ఆనాడే బీజం పడిందని అనుకోవడం అసంగతం కాదు. ఉర్దూ, తెలుగు రెండింటినీ చదువుకునే మన విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. పరభాష నేర్చినందువల్ల ఆయన మాతృభాషకు లోటు కలుగలేదు సరికదా, అది మరింత పదునెక్కింది.

పిమ్మట ఆయన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో విద్యనభ్యసించారు. అక్కడ నందమూరి తారక రామారావుతో కలిసి నాటకాలలో పాల్గొన్నారు. పట్టా పుచ్చుకున్న వెంటనే సినిమాలకు పరుగెత్తలేదు. ఉపాధ్యాయుడుగా పాఠం చెప్పారు, పత్రికలలో పనిచేశారు, ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. రేడియోలో ముఖం కనబడదు, హావభావాలకు చోటు లేదు. గొంతు ఒక్కటే వార్తను ఇంటింటికీ చేర్చాలి. అటువంటి కొలువు ఆయన కంఠాన్ని తీర్చిదిద్దింది.

1952లో త్రిపురనేని గోపీచంద్ దర్శకత్వం వహించిన ‘ప్రియురాలు’ చిత్రంతో వెండితెరకు వచ్చారు. 1955లో విడుదలైన ‘దొంగరాముడు’, ‘అర్ధాంగి’, ‘బంగారు పాప’ చిత్రాలు ఆయనకు పేరు తెచ్చాయి. వీటిలో ‘బంగారు పాప’కు మూలం ఆంగ్ల రచయిత్రి జార్జ్ ఇలియట్ నవల. కాగా అగ్రకథానాయకుడనే పీఠం ఆయనకు దక్కలేదు. అనేక చిత్రాలలో రెండవ నాయకుడుగానో, సహాయపాత్రలోనో కనిపించారు. అందుకు క్రుంగిపోక, ఇచ్చిన పాత్ర చిన్నదైనా దానికి గౌరవం తెచ్చారు. తమిళనటుడు శివాజీ గణేశన్ చిత్రాలు తెలుగులోకి అనువదింపబడినప్పుడు ఆయనకు గాత్రం అరువిచ్చినది జగ్గయ్యే. పేరు మరొకరిది, ముఖం మరొకరిది. ప్రాణం మాత్రం ఈయన గొంతుది. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’లో రూథర్‌ఫర్డ్ దొరగా నటించి, ప్రతిపక్షంలోని మనిషిలో సైతం హుందాతనం చూపించారు.

దేశభక్తి ఆయనకు కేవలం పాత్ర కాలేదు. ఉప్పు సత్యాగ్రహం నేపథ్యంగా ‘పదండి ముందుకు’ చిత్రాన్ని 1962లో స్వయంగా నిర్మించారు. 1967లో కాంగ్రెస్ అభ్యర్థిగా ఒంగోలు నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. నేటి ప్రకాశం జిల్లా అప్పటికి ఏర్పడలేదు. పత్తి, మిరప, పొగాకు పండించే మెట్టపొలాల రైతులు తెరమీద చూసిన నటుని తమ ప్రతినిధిగా ఢిల్లీకి పంపారు. సినీనటులు పార్లమెంటులో అడుగుపెట్టడం అప్పటికి అలవాటైన విషయం కాదు. ఒకనాడు వార్తలు చదివిన నగరానికే ఆయన ప్రజల గొంతుగా తిరిగి వెళ్ళడం విశేషం.

అన్నింటికంటె ఆయన సాహిత్యసేవ చిరస్మరణీయం. రవీంద్రుని గీతాంజలిని ‘రవీంద్రగీత’ పేరిట తెలుగు చేశారు. మిత్రుడైన ఆచార్య ఆత్రేయ 1989లో మరణించిన తరువాత, చెల్లాచెదరుగా ఉన్న ఆయన రచనలను సేకరించి ఏడు సంపుటాలుగా వెలువరించారు. తన కీర్తికి కాక మిత్రుని కీర్తికి ఇంతటి శ్రమ చేయడం సామాన్యమా? ఆ పూనిక లేకుంటే వాటిలో ఎన్ని రచనలు కాలగర్భంలో కలిసిపోయేవో! ‘కళావాచస్పతి’ అన్న బిరుదుకు ఆయన అన్నివిధాలా తగినవారు. 1992లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 2004 మార్చి 5న చెన్నైలో ఆయన పరమపదించారు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మన కళాశాల వార్షికోత్సవ వేదికపై ఏటా ఎందరో బాలబాలికలు నటిస్తారు, బహుమతులందుకుంటారు. ఆ బహుమతి ప్రయాణానికి ఆరంభమే కాని గమ్యం కాదు. లవుని వేషం కట్టిన బాలుడు ఆ ఒక్కరాత్రి చప్పట్లతో తృప్తిపడి ఉంటే, మనకు ఈ జగ్గయ్య లభించి ఉండేవారు కారు. చదువు, భాష, స్నేహం అనే మూడింటిని జీవితాంతం సాగు చేసినందువల్లనే ఆ కంచుకంఠం ఈనాటికీ మన చెవులలో మారుమ్రోగుతున్నది.