ఖాళీ జాగాను చూసే కన్ను: బడిపంతులు రహీం సాబ్ కథ

ఫోన్లల్లో ఫుట్‌బాల్ రీల్స్ చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన తట్టు చానామంది ఉండారు. ప్రొద్దుటూరు గానీ, జమ్మలమడుగు గానీ, పులివెందుల గానీ, మెస్సీ పేరు తెలియని పిల్లోళ్లు తక్కువ. అయితే రీల్‌లో మనకు కనపడేది గోల్ ఒక్కటే. పది సెకన్ల ముక్క. ఆ గోల్‌కు ముందు నలభై గజాల అవతల నుంచి బంతిని పంపిన మనిషి ఎవరో, తలకాయ ఎత్తి ఏం చూసినాడో, ఆ ముక్కలో ఉండదు. దాన్ని కోసేసి ఉంటారు.

ఆ కోసేసిన భాగం గురించే ఈ పొద్దు రాస్తాండా. లాంగ్ పాస్ అంటే ఏందో, దానికి ఎంత తయారీ కావల్లనో తెలియాలంటే ఒక మనిషి బతుకు చూడల్ల. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో బడిపంతులు. అందరూ రహీం సాబ్ అని పిలిచేటోళ్లు. 2024లో అజయ్ దేవగన్ ఆయన వేషం కట్టిన 'మైదాన్' సినిమా వచ్చింది. సినిమా చూసినోళ్లకు ఆయన పట్టుదల, ఆయన జబ్బు తెలిసింటాయి. ఆయన ఆటను ఎట్ల ఆలోచించినాడో గూడా తెలుసుకుంటే మనకు ఇంగా పనికొస్తాది.

రహీం సాబ్ 1909లో హైదరాబాదులో పుట్టినాడు. అప్పుడు నిజాం పాలన. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటా ఫుట్‌బాల్ ఆడినాడు. చదువు అయినాక బడిలో పంతులుగా చేరినాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లోళ్లకు చెప్పినాడు. వ్యాయామ విద్యలో గూడా డిప్లొమా చేసినాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పీఈటీ సారు మాదిరి మనిషి. పెద్ద ఆస్తిపాస్తులు లేవు, విదేశీ శిక్షణ లేదు. పాఠం చెప్పేటోని ఓపిక ఉన్నింది. ఆ ఓపికనే ఆయన గ్రౌండ్‌లోకి తీసుకొచ్చినాడు.

1940లల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయినాడు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ముందర వేరేవాళ్లు నిలబడేది కష్టం. అట్లాంటి కాలంలో హైదరాబాద్ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. ఒకసారి గెలిస్తే అదృష్టం అనుకోవచ్చు. 5 సార్లు వరసగా గెలిస్తే దాని వెనకాల ఒక బుర్ర ఉందని అర్థం. భారత జట్టు గూడా ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ జరిగినాయి. ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో కొట్టి మనోళ్లు బంగారు పతకం తెచ్చినారు.

ఇంగ ఆటలోకి వస్తాం. మన దేశానికి ఫుట్‌బాల్ తెచ్చింది తెల్లోళ్ల పటాలాలు. వాళ్ల కాడ మనం నేర్చుకున్న ఆట ఒకటే: బంతిని బలంగా ముందుకు తన్నేది, దాని వెనకాల పరిగెత్తేది. ఈ పొద్దుకీ మన ఊరి గ్రౌండ్లల్లో అదే జరుగుతాంది. వెనక ఉన్నోడు కండ్లు మూసుకుని తన్నుతాడు. అది జొన్నచేనులో వడిసెల రాయి మాదిరి. పిట్టలు లేస్తాయి గానీ, రాయి యాడ పడిందో విసిరినోనికి తెలియదు. దాన్ని లాంగ్ పాస్ అనరాదు. పాస్ అంటే అవతల అందుకునే మనిషి ఉండల్ల.

రహీం సాబ్ ఆ తన్ను-పరిగెత్తు ఆటను పక్కన పెట్టిచ్చినాడు. మనోళ్లు పొట్టిగా, సన్నగా ఉంటారు. గాల్లో ఎత్తుకు ఎగిరే బంతి కోసం ఆరడుగుల మనుషులతో కొట్లాడితే ఓడిపోతారు. అందుకే బంతిని నేల మీదనే ఉంచమన్నాడు. ఒక్క తాకుతో పక్కనోనికి ఇచ్చేది, వెంటనే కదిలేది నేర్పినాడు. ఈ పొట్టి పాసులకూ, నేను చెప్పే లాంగ్ పాస్‌కూ సంబంధం ఏందంటారా? అదే అసలు కిటుకు. నాలుగు పొట్టి పాసులు ఆడితే అవతలోళ్లు బంతి దగ్గరికి వస్తారు. వాళ్లు ముందుకు వస్తే వాళ్ల వీపు వెనకాల జాగా ఖాళీ అవుతాది. లాంగ్ పాస్ పోవాల్సింది ఆ ఖాళీలోకి.

దీంట్లో ఇంగో చిక్కు గూడా ఉండాది. మనోడు ముందే పోయి డిఫెండర్లను దాటి నిలబడితే ఆఫ్‌సైడ్. కాబట్టి బంతి కాలు వదిలేటప్పుడు ఆ జాగాలో ఎవరూ ఉండకూడదు. బంతి పడేటప్పటికి మన మనిషి ఆడ ఉండల్ల. పంపేటోడు లేని మనిషిని చూసి పంపల్ల. పరిగెత్తేటోడు రాని బంతిని నమ్మి పరిగెత్తల్ల. ఇద్దరిలో ఒకరికి నమ్మకం లేకపోయినా ఆ పాస్ లేదు.

1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనోళ్లల్లో చానామంది వట్టి కాళ్లతో ఆడినారు. ఆ దెబ్బ తర్వాతనే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేసినారు. ఆ మరుసటేడు, 1953 నవంబరులో, హంగరీ జట్టు లండన్ వెంబ్లీలో ఇంగ్లాండును 6-3తో కొట్టింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందర నిలబడకుండా వెనక్కి దిగి ఆడినాడు. ఆయనను కాపలా కాసే డిఫెండర్‌కు ఏం చేయల్లనో తోచలేదు. వెంట పోతే వెనకాల జాగా ఖాళీ. పోకపోతే హిదెగ్‌కుటి తీరిగ్గా బంతి తీసుకుని, తల ఎత్తి, ఎవరికి కావల్లంటే వాళ్లకు పంపుతాడు. ప్రపంచమంతా దాన్ని చూసి నోరు తెరిచింది. ఇట్ల వెనక్కి దిగే ఫార్వర్డ్ ఆటను మన జట్టుకు ఎక్కిచ్చినోడు రహీం సాబ్. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచి పేరు తెచ్చిన 4-2-4 వరసను గూడా మనోళ్లకు నేర్పినాడు.

ఇవన్నీ నల్లబల్ల మీద గీతలు గీస్తే వచ్చేవి గావు. ఆయన హైదరాబాదులో పిల్లోళ్లకు విచిత్రమైన పోటీలు పెట్టేటోడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి వస్తే వెంటనే ఇంగొకరికి ఇచ్చేయల్ల. ఇంగొక పోటీలో చేతగాని కాలుతోనే తన్నల్ల. కుడికాలు వాటం ఉన్నోడు ఎడమకాలుతో. రవ్వంత ఆలోచిస్తే వీటి అర్థం తెలుస్తాది. డ్రిబ్లింగ్ లేదంటే బంతి రాకముందే తల ఎత్తి చుట్టూ చూసుకోవల్ల. రెండు కాళ్లూ పనిచేస్తే బంతి ఏ పక్క వచ్చినా దాన్ని సర్దుకునే పని తప్పుతాది. ఆ మిగిలిన ఒక్క సెకన్‌లోనే దూరంగా ఉన్న ఖాళీ కనపడతాది. లాంగ్ పాస్ కాలుతో కొడతారు అనుకుంటాం. అది మొదలయ్యేది మెడ కాడ. తల దించుకుని ఆడేటోనికి ఆ పాస్ ఈ జన్మలో రాదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయిన మన జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు శానా మంది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, బలరాం. బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లోడు. ఇంట్లో పేదరికం. ప్రాక్టీసుకు రావాలంటే దూరం, చేతిలో డబ్బుల్లేవు. రహీం సాబ్ సైకిల్ బాడుగకు డబ్బులిచ్చి రప్పిచ్చుకున్నాడు. ఆ పిల్లోడే తర్వాత దేశంలో గొప్ప ఫార్వర్డ్‌లల్లో ఒకడైనాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ వేసినాడు. సైకిల్ బాడుగ ఇచ్చిన రోజున ఆ గోల్ యాడ ఉంది? యాడా లేదు. పంతులుకు మాత్రం కనపడింది.

మెల్‌బోర్న్‌లో డిసెంబరు 1న మనోళ్లు ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదనే 4-2తో ఓడిచ్చినారు. నెవిల్ డిసౌజా 3 గోల్స్ వేసినాడు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ గూడా మనదే, తర్వాత 4-1తో ఓడిపోయినారు. బల్గేరియాతో గూడా ఓడి నాలుగో స్థానంలో నిలిచినారు. నాలుగేండ్ల ముందు 10 గోల్స్ తిన్న దేశం ఒలింపిక్స్‌లో నాలుగోది అయింది. ఈ పొద్దు దాకా ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం దాన్ని దాటలేదు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ నాటికి రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టుకుని ఉంది. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనల్ని 2-0తో కొట్టింది. రెండో ఆటలో థాయ్‌లాండ్‌ను ఓడిచ్చినా, మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడినాయి. తలతో బంతిని కొట్టలేని డిఫెండర్‌ను ఏం చేస్తారు? ఎవరైనా కూర్చోబెడతారు. రహీం సాబ్ ఆయనను సెమీఫైనల్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టినాడు. డిఫెండర్‌కు ఏ జాగా అంటే భయమో ఇంగొక డిఫెండర్‌కే గదా తెలిసేది.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియంలో లక్షమంది దాకా జనం, అందరూ మనకు ఎదురే. పోటీలకు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకాయన తప్పుబట్టినాడు, ఇండోనేషియా జనానికి ఆ కోపం ఉన్నింది. ఆ గోల మధ్యనే పీకే బెనర్జీ 17వ నిమిషంలో ఒకటి, జర్నైల్ సింగ్ 20వ నిమిషంలో ఇంగోటి వేసినారు. 2-1తో గెలిచినాం. మరుసటేడు, 1963 జూన్‌లో, రహీం సాబ్ పోయినాడు. 53 ఏండ్లు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పేదానికి పెద్ద పెద్ద కారణాలు ఉండాయి. నాకు కనపడేది ఒకటి. తల ఎత్తి దూరం చూసే పంతుళ్లను మనం మళ్లీ తయారు చేసుకోలేదు.

ఇప్పుడు మన ఊర్ల మాట. బయటోళ్లకు మన మూడు ఊర్ల పేర్లు చెప్తే ముందు గుర్తొచ్చేవి కక్షలు. పెన్నా ఇసుక, చీనీ తోటలు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు ఆ తర్వాతనే. దానికి కారణం మన ఆట తీరే. మన రాజకీయంలో బంతి ఎప్పుడూ ఒక్కరి కాళ్ల కాడే ఉంటాది. ఆ ఒక్కరు డ్రిబ్లింగ్ చేసుకుంటా పోతాంటే, బండ్లకు జెండాలు కట్టుకుని పిల్లోళ్లు వెనకాల పరిగెత్తుతాంటారు. పాస్ వస్తాదని కాదు, పక్కన ఉంటే చాలని. ఎన్నికల నాడు గుంపు, మర్నాడు ఖాళీ చేతులు. ఎవరి వెనకాలనో పరిగెత్తేటోనికి బంతి ఎప్పటికీ అందదు. బంతి ముందుకు పోతాది గానీ వెనక్కి రాదు.

మన బడుల సంగతి చూడండి. గ్రౌండ్ అంటే మీటింగులకు, లారీలు నిలిపేదానికి జాగా. ఆటల పీరియడ్ అంటే లెక్కల సిలబస్ పూర్తి చేసుకునే గంట. ఆడపిల్లలకైతే ఆ గంట గూడా పేరుకే. ఒక బడిపంతులు దేశాన్ని ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకుపోయిన రాష్ట్రాల నుంచి వచ్చినోళ్లం మనం. పీఈటీ సారు లేని బడి గురించి నోరు తెరిచి అడిగేదానికి మనకు ఎందుకు మొహమాటం? గ్రామసభలో రోడ్డు అడుగుతాం, బోరు అడుగుతాం. గ్రౌండ్ గూడా అడగల్ల. అర్జీ రాసి, అందరూ సంతకాలు పెట్టి, ఊర్లో అమ్మాయిల పేర్లు గూడా దాంట్లో పెట్టి అడగల్ల.

అర్జీకి జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునే పని లేదు. రహీం సాబ్ పోటీలకు డబ్బులు అక్కర్లేదు. ఒక బంతి, గోల్ గుర్తుకు నాలుగు రాళ్లు. ఆదివారం ఒక గంట డ్రిబ్లింగ్ లేకుండా ఆడండి. ఇంగో గంట చేతగాని కాలుతో ఆడండి. మొదట్లో నవ్వులాటగా ఉంటాది. నెల పోనిస్తే మీ తలకాయలు పైకి లేస్తాయి. ఈ కొస నుంచి ఆ కొసకు ఖాళీ జాగా కనపడతాది. ఆడికి ఎవరు పరిగెత్తుతాండారో చూసి, వాళ్లది ఏ వీధి, ఏ కులం, ఏ పార్టీ అని అడగకుండా బంతి పంపండి.