పాల్కురికి సోమనాథుడు

గోదావరీ ప్రాణహితలు సంగమించు కాళేశ్వరము త్రిలింగ క్షేత్రములలో ఒకటి. శ్రీశైలము, ద్రాక్షారామము తక్కిన రెండు. ఈ మూడింటి నడుమ నున్న త్రిలింగ దేశపు భాషయే తెలుగైనదని పెద్దలు చెప్పుదురు. ఆ తెలుగును సామాన్య జనుల చెవికి చేర్చిన మహాకవి పాల్కురికి సోమనాథుడు. ఆయన స్వగ్రామము నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. ఆయన కాకతీయుల కాలమువాడు.

ఆ కాలమున కావ్యమనగా సంస్కృత వృత్తములతో, దీర్ఘ సమాసములతో, గద్యపద్యములు కలిపి వ్రాయు చంపువు. నన్నయభట్టు వేసిన ఆ బాట పండితులకు రాజమార్గము. కాని నాగలి పట్టిన రైతు, వడ్లు దంచు ఇల్లాలు ఆ పద్యములను విని గ్రహింపజాలరు. సోమనాథుడు బసవేశ్వరుని చరిత్రమును వినిపింపదలచినది అట్టివారికే.

ఆయనకు వృత్తములు వ్రాయుట చేతకాక కాదు. వృషాధిప శతకమును వృత్తములలోనే రచించెను. సంస్కృత కర్ణాటక భాషలలోను ఆయనకు పాండిత్యము కలదు. అయినను బసవపురాణమునకు జాను తెనుగును, దేశి ఛందస్సైన ద్విపదను ఎన్నుకొనెను.

ఆయన ఒక కట్టుబాటును విడిచెను గాని, కట్టుబాటునే విడువలేదు. ద్విపదలో ప్రతి పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము ఉండవలెను. రెండు పాదములకును ప్రాస కుదురవలెను. ఈ నియమము వలననే పాట సాగును. చదువురానివాడును దానిని జ్ఞాపకముంచుకొనును. శివుడు నిజముగా పాలు త్రాగలేదని ఏడ్చిన గొడగూచి అను పసిపిల్ల కథ అట్లే జనుల హృదయములకు హత్తుకొన్నది.

పండితు లందరును దీనిని మెచ్చలేదు. పిడుపర్తి సోమన ఒక కథ చెప్పెను. ఓరుగల్లు శివాలయములో జనులు బసవపురాణమును వినుచుండగా ప్రతాపరుద్రుడు చూచి, అదేమని అడిగెనట. చెంతనున్న పండితుడొకడు అది నియమము తప్పిన ద్విపద యనియు, ప్రమాణము కాదనియు చెప్పగా రాజు వెడలిపోయెనట. ఆ పిడుపర్తి సోమనయే తరువాత దానిని పద్యకావ్యముగా మరల రచించెను.

రాజు వినకున్నను ప్రజలు వినుట మానలేదు. 1369లో భీమకవి దానిని కన్నడమున రచించెను. నియమములు మాటను వినువానికి చేర్చుటకే గాని, అతనిని దూరముంచుటకు కావని సోమనాథుని జీవితము మనకు తెలుపుచున్నది.