సార్లూస్ – తోడేలుకుక్క

నిజాము సికందర్ జా పేరున 1806లో వెలసిన సికింద్రాబాదు దండు పట్టణానికి సీమకుక్కలు కొత్తవి కావు. నిక్కిన చెవులు, పొడవైన మూతి, గుబురు తోక గల ఆల్సేషియన్‌ను చూచి, దానిలో తోడేలు నెత్తురు పారుతున్నదని మురిసే యజమానులు అక్కడనే కాదు, ప్రపంచమంతటా ఉన్నారు. ఆ మురిపెమే ఒక డచ్చి దేశస్థునికి యావజ్జీవ దీక్ష అయినది. ఆయన పేరు లీండర్ట్ సార్లూస్.

సార్లూస్ 1884లో జన్మించినారు. ప్రకృతి అన్నా, శునకాలన్నా ఆయనకు ప్రాణం. అందులోనూ ఆల్సేషియన్ అనబడే జర్మనీ గొర్రెలకాపరి కుక్క మీద మక్కువ మెండు. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి ఒక జాతిగా తీర్చిన ఆ కుక్క, మందలను కాయడమే కాక, సైన్యంలోనూ పోలీసుశాఖలోనూ పేరు గడించినది. అయినను మనిషి నీడలో పెరిగి పెరిగి అది తన సహజశక్తులను పోగొట్టుకొన్నదని సార్లూస్ తలచినారు. అడవి రక్తాన్ని మరల ఎక్కిస్తే అంతకంటె మేలైన పనికుక్క పుట్టగలదని ఆయన విశ్వాసం.

1932లో ఆయన తన ప్రయోగాన్ని ప్రారంభించినారు. గెరార్డ్ అనే మగ ఆల్సేషియన్‌ను, సైబీరియా శాఖకు చెందిన ఆడ తోడేలుతో జతపరచినారు. ఆ పిల్లలలో తోడేలు రక్తం సగం. వాటిని మరల తండ్రితోనే కలుపగా పుట్టిన సంతతిలో అది పాతికవంతు. ప్రతి తరంలోనూ కొన్నింటిని ఏరుకొంటూ, తక్కినవాటిని విడిచిపెడుతూ ఆయన ఏండ్ల తరబడి శ్రమించినారు. క్రమంగా రూపుదిద్దుకొన్న ఆ కొత్త రకానికి యూరోపియన్ తోడేలుకుక్క అని పేరు పెట్టినారు.

మొదట ఆశ ఫలించినట్లే కనిపించినది. ఎన్నికచేసిన కొన్ని కుక్కలు అంధులకు దారి చూపే పనిలో రాణించినవి. చూపులేని మనిషి తన ప్రాణాన్ని ఒక పట్టెడకు అప్పగించి వీథిలో అడుగు వేస్తాడు. ఆ నమ్మకానికి తగిన జంతువును సృష్టించడం కంటె గొప్ప సార్థక్యం ఏమున్నది? కాని తోడేలు పాలు పెరిగినకొద్దీ గెరార్డ్ ఇచ్చిన పనితనం సన్నగిల్లినది. అపరిచితుడు ఎదురైతే వెనుకకు తగ్గడం, కొత్త చోట బెదరడం, ఒత్తిడి కలిగితే పారిపోజూడడం ఆ జాతిలో ప్రబలినవి. దారి చూపవలసిన కుక్కకు ఇంతకంటె పెద్ద లోపం లేదు. ఏ పనికై ఆయన దీనిని సాధించినారో, ఆ పనికే ఇది అక్కరకు రాకపోయినది.

ఇందుకు కారణం తోడేలు క్రౌర్యం కాదు, జాగరూకత. అడవిలో కొత్త వాసనకు, కొత్త శబ్దానికి జంకిన తోడేలు బ్రతికినది, జంకనిది చచ్చినది. మనిషి నిప్పు చెంతకు జంకు విడిచి వచ్చిన జంతువుల సంతతియే కుక్క అయినది. ఆ మార్పునకు కనీసం 15,000 సంవత్సరాలు పట్టినవని శాస్త్రజ్ఞుల అంచనా. తోడేలు పిల్లను చేతిమీద పెంచితే అది ఒక్కటి మచ్చిక కావచ్చును. దాని పిల్లలు మరల తోడేళ్ళే. మచ్చిక ఒక జంతువుకు సంబంధించినది, పెంపుడుగుణం తరాలకు సంబంధించినది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్న సామెతకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

సార్లూస్ 1969లో కన్నుమూసినారు. ఆయన కుక్కలకు గుర్తింపు 1975లో లభించినది. అప్పుడు వాటికి ఆయన పేరే పెట్టినారు. పనికుక్కగా కాక, సహజగుణాలు నిలుపుకొన్న జాతిగానే అవి లోకానికి మిగిలినవి. చెకోస్లోవేకియాలో 1955లో ఇటువంటి ప్రయోగమే కార్పాతియన్ తోడేలుతో మొదలై, మరొక జాతికి జన్మనిచ్చినది.

సార్లూస్ కుక్కను పెంచేవారు తెలుసుకోదగిన సంగతి ఒకటున్నది. తోడేలు రక్తమున్నది గనుక కాపలాకు దీటైనదని భావించడం పొరపాటు. అది ఇంటివారిని విడువలేదు, కాని పరాయివానిపై ఉరకడానికి బదులు తప్పుకొని పోతుంది. కట్టివేతను, ఒంటరితనాన్ని ఓర్వదు. విశాలమైన ఆవరణ, తోటి కుక్కల సహవాసం, యజమాని ఓర్పు దానికి అవసరం. ఇరుకు వాటాలో గొలుసుకు కట్టి గొప్ప చెప్పుకొనేందుకు అది తగినది కాదు.

దక్కను మెట్టభూములకు సొంత తోడేలు ఉన్నది. దానిని 1831లో సైక్స్ అనే ఆంగ్ల సైనికాధికారి శాస్త్రలోకానికి వర్ణించి చెప్పినాడు. గొర్రెలకాపరులకు అది తరతరాల వైరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించినది. దానిని పట్టడం, పెంచడం నేరం. ఊరకుక్కలతో సంకరమై దాని జాతి పలుచబడడం కూడ నేడు శాస్త్రజ్ఞులను కలవరపరుస్తున్నది.

సార్లూస్ కోరినది శక్తి, లభించినది సంకోచం. ఆ రెండూ ఒకే నెత్తురులో ఉన్నవని ఆయన జీవితకాల పరిశ్రమ నిరూపించినది. తోడేలుకు బయలు, కుక్కకు వాకిలి. ఏది ఎక్కడ ఉండదగునో గ్రహించడమే జంతుప్రేమకు తొలి పాఠం.