జాన్ సాక్స్‌బీ

జాన్ సాక్స్‌బీ (ఆగష్టు 17, 1821 - ఏప్రిల్ 22, 1913) ఇంగ్లాండుకు చెందిన వడ్రంగి, రైల్వే ఉద్యోగి, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. రైళ్ళను ఒక దారి నుండి మరొక దారికి మళ్ళించే పాయింట్లకూ, రైలుకు అనుమతి తెలిపే సిగ్నళ్ళకూ మధ్య యాంత్రికమైన లంకె ఏర్పరచి, ఒకదానికి విరుద్ధంగా మరొకటి పనిచేయకుండా చూసే ఇంటర్‌లాకింగ్ పద్ధతికి ఆద్యులలో ఒకడుగా ఈయన ప్రసిద్ధుడు. 1856లో పొందిన పేటెంటుతో ఈయన పేరు రైల్వే ప్రపంచంలో మారుమ్రోగింది. తెలుగు ప్రాంతాలతో సహా భారతదేశంలోని స్టేషను కేబిన్లలో దశాబ్దాల పాటు కనిపించిన ఇనుప లివర్ల వరుసలకు మూలం సాక్స్‌బీ, ఆయన సమకాలికులు రూపొందించిన యంత్రాలే.

నేపథ్యం

ఒక రైలు మార్గం రెండుగా చీలే చోట కదిలే పట్టాలు ఉంటాయి. వీటినే పాయింట్లు అంటారు. పాయింట్లు ఎటు తిరిగి ఉంటే రైలు అటే పోతుంది. రైలు నడిపే వ్యక్తికి దారి మార్చే అవకాశం ఉండదు. సిగ్నలు చూపిన సంకేతాన్ని నమ్మి ముందుకు సాగడమే అతని వంతు. కనుక సిగ్నలు ఒక దారి ఖాళీగా ఉన్నదని చెప్పి, పాయింట్లు మరొక దారికి తిరిగి ఉంటే ప్రమాదం తప్పదు.

రైల్వేలు ఏర్పడిన తొలి రోజులలో పాయింట్లను ఒకరు, సిగ్నళ్ళను మరొకరు, కొన్నిచోట్ల రెండింటినీ ఒక్కరే విడివిడి లివర్లతో కదిపేవారు. రెండూ పొసగేలా చూడడం పూర్తిగా మనిషి జ్ఞాపకశక్తి మీదనే ఆధారపడి ఉండేది. రాత్రి నిద్రలేమి, పొగమంచు, ఒకేసారి రెండు మూడు రైళ్ళు రావడం వంటి కారణాలలో ఏ ఒక్కటి చాలు, చెయ్యి ఒక లివరుకు బదులు మరొక లివరు మీద పడడానికి.

గోదావరి డెల్టా వాసులకు ఈ సమస్య కాలువల లాకుల ద్వారా సులభంగా అర్థమవుతుంది. లొల్ల లాకుల వంటి చోట పడవను దాటించేటప్పుడు ఎగువ తలుపులు మూసి, లోపలి నీటిమట్టం దిగువ నీటితో సమానమైన తరువాతనే దిగువ తలుపులు తెరుస్తారు. తొందరపడి ముందే తెరవబోయినా నీటి బరువే తలుపును కదలనివ్వదు. అంటే లాకులలో తప్పును ప్రకృతియే అడ్డుకుంటుంది. రైల్వేలో అటువంటి అడ్డు ఏదీ లేదు. దానిని ఇనుముతో తయారుచేయడమే సాక్స్‌బీ, అతని సమకాలికులు సాధించిన పని.

బాల్యం, ఉద్యోగం

సాక్స్‌బీ ఇంగ్లాండు దక్షిణ తీరంలోని బ్రైటన్ పట్టణంలో జన్మించాడు. 13 ఏళ్ళ వయసులో చదువు మాని వడ్రంగం పనిలో శిక్షణకు చేరాడు. 1840 ప్రాంతంలో బ్రైటన్ రైల్వేలో వడ్రంగిగా ప్రవేశించాడు. ఆ సంస్థయే 1846లో ఇతర సంస్థలతో కలిసి లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేగా మారింది. ఈయనకు ఇంజనీరింగు పట్టా లేదు. కొయ్యనూ ఇనుమునూ చేతితో మలచిన అనుభవమే ఈయన చదువు.

ఆ రైల్వే మీద లండన్ సమీపంలో బ్రిక్‌లేయర్స్ ఆర్మ్స్ అనే కూడలి ఉండేది. అక్కడ 1840లలోనే ఛార్లెస్ హట్టన్ గ్రెగరీ అనే ఇంజనీరు సిగ్నళ్ళను కాలితో తొక్కి కదిపే ఒక చట్రాన్ని అమర్చాడు. పరస్పర విరుద్ధమైన రెండు సిగ్నళ్ళు ఒకేసారి పడకుండా అది కొంతవరకు అడ్డుకునేది. కాని పాయింట్లకూ ఆ సిగ్నళ్ళకూ సంబంధం ఉండేది కాదు. ఆ లోటును పూరించే బాధ్యతను సాక్స్‌బీ తలకెత్తుకున్నాడు.

1856 పేటెంటు

1856లో సాక్స్‌బీ కూడళ్ళ వద్ద పాయింట్లనూ సిగ్నళ్ళనూ ఏకకాలంలో కదిపే పద్ధతికి పేటెంటు పొందాడు. అదే సంవత్సరం దానిని బ్రిక్‌లేయర్స్ ఆర్మ్స్ కూడలిలో అమర్చారు. ఒకే కదలికతో పాయింటు, దానికి చెందిన సిగ్నలు రెండూ మారడం ఇందులోని విశేషం.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. రెండూ ఒకేసారి కదలడం వలన, పాయింటు పూర్తిగా తిరగక ముందే సిగ్నలు పడే అవకాశం మిగిలిపోయింది. 1859 ప్రాంతంలో కెంటిష్ టౌన్ కూడలిని తనిఖీ చేసిన ప్రభుత్వ అధికారి కర్నల్ విలియం యోలండ్, అక్కడి లివర్ల మధ్య తగిన లంకె లేదని ఆమోదం నిరాకరించాడు. అప్పుడు ఆస్టిన్ ఛాంబర్స్ అనే వ్యక్తి క్రమపద్ధతిలో పనిచేసే యంత్రాన్ని రూపొందించాడు. ముందుగా పాయింటు లివరు పూర్తిగా తిరగాలి. ఆ తరువాతనే సిగ్నలు లివరుకు విడుదల లభిస్తుంది. సిగ్నలు పడి ఉన్నంతసేపు పాయింటు లివరు కదలదు. సాక్స్‌బీ ఈ సూత్రంలోని ఔచిత్యాన్ని వెంటనే గ్రహించి 1860లో తన యంత్రాన్ని ఆ విధంగా సవరించి మరొక పేటెంటు పొందాడు. ఇంచుమించు ఇదే కాలంలో ఫ్రాన్సులో కూడా ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. అందువలన ఇంటర్‌లాకింగ్‌ను ఏ ఒక్కరి ఆవిష్కరణగానో చెప్పడం కంటె, సాక్స్‌బీని దానికి స్థిరమైన రూపమిచ్చి లోకమంతటా వ్యాపింపజేసిన వానిగా పేర్కొనడం సమంజసం.

సాక్స్‌బీ అండ్ ఫార్మర్

పేటెంటు యంత్రాలకు గిరాకీ పెరగడంతో సాక్స్‌బీ హేవర్డ్స్ హీత్‌లో సొంత పనిశాల పెట్టాడు. 1862లో తాను పనిచేసిన రైల్వేలోనే అధికారిగా ఉన్న జాన్ స్టిన్సన్ ఫార్మర్‌తో భాగస్వామ్యం కుదుర్చుకున్నాడు. సాక్స్‌బీ అండ్ ఫార్మర్ పేరుతో లండన్‌లోని కిల్బర్న్ వద్ద పెద్ద కర్మాగారం వెలిసింది. తరువాత ఫ్రాన్సులోని క్రేయ్ పట్టణంలో కూడా కర్మాగారం నెలకొల్పారు.

1870లలో ఈ సంస్థ తెచ్చిన ఒక మార్పు ముఖ్యమైనది. అంతకు ముందు లివరు కదులుతుండగా ఇతర లివర్లకు తాళం పడేది. కొత్త యంత్రంలో లివరు పిడికి ఉన్న చిన్న పట్టును నొక్కగానే, అనగా లివరు ఇంకా అంగుళమైనా కదలక ముందే, విరుద్ధమైన లివర్లన్నింటికీ తాళం పడుతుంది. లివరు ప్రయాణం పూర్తయి పట్టు మళ్ళీ గాడిలో పడిన తరువాతనే తదుపరి లివర్లకు విడుదల లభిస్తుంది. కేబిన్ ఉద్యోగి మనసులో సంకల్పించిన మరుక్షణమే తప్పును అడ్డుకునే ఏర్పాటు ఇది.

చట్టం చేసిన ప్రమాదాలు

ఈ యంత్రాలు ఎంత ఉపయోగకరమైనవైనా, ఖర్చుకు వెనుకాడి అనేక రైల్వే సంస్థలు వీటిని అమర్చడంలో జాప్యం చేశాయి. 1889 జూన్ 12న ఐర్లాండులోని ఆర్మా వద్ద జరిగిన ఘోర ప్రమాదంలో సుమారు 80 మంది మరణించారు. వారిలో విహారయాత్రకు బయలుదేరిన పిల్లలు కూడా ఉన్నారు. ఆ ప్రమాదానికి ప్రధాన కారణాలు బ్రేకుల లోపం, రైళ్ళ మధ్య తగిన దూరం పాటించే పద్ధతి లేకపోవడం. అదే సంవత్సరం వచ్చిన బ్రిటిషు చట్టం ప్రయాణికుల రైలు మార్గాలలో ఇంటర్‌లాకింగ్‌ను కూడా తప్పనిసరి చేసింది. మొదటి పేటెంటుకూ ఈ చట్టానికీ మధ్య 33 సంవత్సరాలు గడిచాయి.

నిర్వహణలోని జాగ్రత్తలు

ఇంటర్‌లాకింగ్ యంత్రం కేబిన్ ఉద్యోగి పొరపాటును అడ్డుకోగలదు. కాని ఆ యంత్రాన్ని విప్పి బాగుచేసే వాని పొరపాటును అది అడ్డుకోలేదు. అందుచేత సాక్స్‌బీ యంత్రాలు వ్యాపించిన ప్రతి దేశంలోనూ వాటి నిర్వహణకు కఠినమైన నియమాలు ఏర్పడ్డాయి.

రెక్క సిగ్నలు లివరు నుండి వందల మీటర్ల పొడవున సాగే ఉక్కు తీగతో పనిచేస్తుంది. తీగ తెగిపోతే రెక్క తన ప్రతిబరువు వలన ఆపు స్థానానికి తిరిగి రావాలి. ఈ ఏర్పాటు ఉన్నా, కప్పీలు తుప్పుపట్టినా, తీగ చెత్తలో చిక్కుకున్నా రెక్క పడిన స్థితిలోనే నిలిచిపోవచ్చు. 1876 జనవరి 21న ఇంగ్లాండులోని అబట్స్ రిప్టన్ వద్ద మంచు పేరుకొని సిగ్నలు రెక్కలు అనుమతి చూపుతూనే ఉండిపోయాయి. ఫలితంగా జరిగిన ప్రమాదంలో పదిమందికి పైగా మరణించారు. లివరు సరిగానే తిప్పినా, రెక్క తిరిగినదా లేదా అన్నది కంటితో చూసి నిర్ధారించుకోవాలన్న పాఠం ఇందులో ఉన్నది.

మన దేశంలో మంచుకు బదులు ఎండ సమస్య అవుతుంది. 500 మీటర్ల ఉక్కు తీగ, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే సుమారు 12 సెంటీమీటర్లు సాగుతుంది. ఉదయం బిగువుగా ఉన్న తీగ మధ్యాహ్నానికి వదులై, రెక్క సగం మాత్రమే పడుతుంది. అది ఆపు సంకేతమో అనుమతి సంకేతమో దూరం నుండి తెలియదు. అందుకే కేబిన్‌లో తీగ బిగువును సరిచేసే సాధనం ఉంచుతారు. పాయింట్లను కదిపే ఇనుప రాడ్ల వ్యాకోచాన్ని సరిపుచ్చడానికి మధ్యలో ప్రత్యేకమైన క్రాంకులు అమరుస్తారు. రాడ్ల మేకులు అరిగితే లివరు పూర్తిగా వచ్చినట్లు కనిపించినా కదిలే పట్టా ప్రక్క పట్టాకు ఆనుకోదు. ఈ వెలితిని కనిపెట్టడానికి పట్టాల మధ్య కొలత ముక్కను ఉంచి, పాయింటు తాళం పడకుండా ఉన్నదో లేదో పరీక్షిస్తారు. నేటి విద్యుత్ పాయింట్ల పరీక్షలో ఈ ముక్క మందం 5 మిల్లీమీటర్లు.

పనిచేసే వాని ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త మరొకటి. పాయింటుకు నూనె రాసే ఉద్యోగి చేయి రెండు పట్టాల నడుమ ఉండగా, దూరాన కేబిన్‌లో లివరు లాగితే ఆ చేయి నలిగిపోతుంది. అందువలన పని మొదలుపెట్టే ముందు స్టేషను మాస్టరుకు వ్రాతపూర్వకంగా తెలిపి, అతని అంగీకారం పొంది, పరికరాన్ని వేరుచేయాలి. ఆ సమయంలో పాయింటును బిగించి తాళం వేసి, రైళ్ళను ప్రత్యేక నియమాల ప్రకారం నడపాలి. పని పూర్తయిన తరువాత ప్రతి లివరునూ, కలిసి పడకూడని ప్రతి జంటనూ పరీక్షించి, పరికరం తిరిగి కలిపినట్లు మరల వ్రాసి ఇవ్వాలి. తాళాల పెట్టెకు సీలు వేయడం కూడా ఇందుకే. ఎవరు, ఎప్పుడు తెరిచారో తెలియని తాళం తాళం క్రింద లెక్కకు రాదు.

లివర్లకు బదులు విద్యుత్ రిలేలు, కంప్యూటర్లు వచ్చినా ఈ నియమాల విలువ తగ్గలేదు. 2023 జూన్ 2న ఒడిషాలోని బాహానగా బజార్ స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గం సిగ్నలు పడింది. పాయింటు మాత్రం గూడ్సు రైలు నిలిచి ఉన్న లూపు లైనుకు తిరిగి ఉన్నది. ఆ ప్రమాదంలో 290 మందికి పైగా మరణించారు. రైల్వే భద్రతా కమిషనరు విచారణలో, సిగ్నలు వలయాలలో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే దీనికి కారణమని తేలింది. సిగ్నలు ఒకటి, పాయింటు మరొకటి చూపడమన్న లోపాన్ని నివారించడానికే 1856లో సాక్స్‌బీ పూనుకున్నాడు. 167 ఏళ్ళ తరువాత అదే లోపం నిర్వహణ అనే ద్వారం గుండా తిరిగి ప్రవేశించింది.

భారతదేశంలో, తెలుగు ప్రాంతాలలో

భారతదేశంలో 1890లలో వాయవ్య రైల్వే ఉద్యోగులైన లిస్ట్, మోర్స్ అనేవారు తాళంచెవుల సాయంతో పనిచేసే చౌక ఇంటర్‌లాకింగ్‌ను ప్రవేశపెట్టారు. పెద్ద స్టేషన్లలో లివర్ల కేబిన్లు వెలిశాయి. సాక్స్‌బీ అండ్ ఫార్మర్ పేరుతో కలకత్తాలో కూడా కర్మాగారం ఏర్పడింది. అది తరువాతి కాలంలో వెస్టింగ్‌హౌస్ సాక్స్‌బీ ఫార్మర్ అనే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సంస్థ అయింది.

భారతీయ రైల్వేల సిగ్నలు ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ 1957లో సికింద్రాబాదులో ఏర్పడింది. దేశం నలుమూలల నుండి వచ్చే ఉద్యోగులు పాయింట్ల పరీక్షనూ, పరికరాన్ని వేరుచేసే నియమాలనూ ఇక్కడ అభ్యసిస్తారు.

కోనసీమకు రైలుతో పరిచయం తక్కువ. కాకినాడ నుండి గౌతమి ఒడ్డున ఉన్న కోటిపల్లి వరకు 1928లో వేసిన రైలు మార్గాన్ని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తొలగించారు. దానిని 2004లో పునరుద్ధరించారు. కోటిపల్లి నుండి గౌతమి దాటి అమలాపురం మీదుగా నరసాపురం వరకు కొత్త మార్గం 2000-01లో మంజూరయింది. ముమ్మిడివరం, అమలాపురం పరిసరాల వారికి ఈ మార్గం చిరకాల వాంఛ. లివర్ల కేబిన్లు ఎన్నడూ చూడని ఈ ప్రాంతంలో రాబోయే స్టేషన్లలో సైతం, రూపం మారినా, పాయింటు ముందు, సిగ్నలు తరువాత అన్న సూత్రమే పనిచేస్తుంది.

చివరి రోజులు

ఫార్మర్ 1892లో మరణించాడు. మరుసటి సంవత్సరం సంస్థ పరిమిత కంపెనీగా మారింది. వృద్ధాప్యంలో సాక్స్‌బీ వ్యాపారం నుండి విరమించుకొని ససెక్స్ ప్రాంతంలోని హసాక్స్‌లో నివసించాడు. అక్కడనే 1913 ఏప్రిల్ 22న 91 ఏళ్ళ వయసులో మరణించాడు. 1920లో ఆయన సంస్థ మరికొన్ని సిగ్నలు సంస్థలతో కలిసి వెస్టింగ్‌హౌస్ బ్రేక్ అండ్ సాక్స్‌బీ సిగ్నల్ కంపెనీగా ఏర్పడింది. 1935లో ఆ పేరు నుండి సాక్స్‌బీ అన్న పదం తొలగిపోయింది.

విశేషాలు

సాక్స్‌బీ యంత్రాలు రాకముందు కేబిన్ ఉద్యోగి గుర్తుంచుకోవలసినవి అనేకం. పది లివర్లున్న చిన్న కేబిన్‌లోనే రెండేసి లివర్ల జంటలు 45 ఏర్పడతాయి. వాటిలో ఏవి కలిసి లాగవచ్చునో, ఏవి కూడదో ప్రతి రైలుకూ తలచుకోవలసి వచ్చేది. ఆ భారం యంత్రం మీదికి మారింది.

ఆ యంత్రాన్ని శుభ్రపరచి, నూనె పోసి, పరీక్షించి, సీలు వేసే ఉద్యోగుల పేర్లు చరిత్రలో నమోదు కావు. అయినా సాక్స్‌బీ ఆవిష్కరణ ప్రతి దినం పనిచేయడం వారి వలననే.